వెదురు దబ్బల కట్టు

ముసురు పట్టిందంటే చాలు, జడ్చర్లలోని నా కిరాయి గదిలో గొర్రెల వాసన లేస్తుంది. మెట్లు నాకు పనికిరావు కాబట్టి కింది గదే తీసుకున్నాను. నేల చెమ్మ, గోడ చెమ్మ అన్నీ నాకే దక్కుతాయి. మంచం కాళ్ల దిక్కున మడతపెట్టి ఉండే నల్ల గొంగడి ఆ చెమ్మనంతా పీల్చుకుని తడి ఉన్ని వాసనను, ఎండిన పెంటికల వాసనను, మా అవ్వ తాగిన చుట్ట పొగ వాసనను ఒక్కొక్కటే బయటికి వదులుతుంది. పక్క గదిలో ఉండే అమ్మాయి ముక్కు మూసుకుని, "అక్కా, దీన్ని జర ఉతకరాదా" అంటుంది. ఉతుకుతాను. సబ్బు మాత్రం తక్కువ వేస్తాను. ఆ గొంగడి మడతల్లో నాలుగు వెదురు దబ్బలు, ఉన్నితో పేనిన రెండు తాళ్లు ఉన్న సంగతి ఆ అమ్మాయికి తెలియదు.

మాది కల్వకుర్తి పోయే దారిలో బస్సు దిగి, ఆటోలో ఇంకో అరగంట పోతే వచ్చే ఊరు. గొర్రెల కాపరుల ఇల్లు మాది, అందుకే ఇంటికన్నా దొడ్డి పెద్దది. ఇంట్లో మేం ముగ్గురమే: బాపు, బాపును కన్న అవ్వ, నేను. బాపు తమ్ముడు, మా చిన్నాయన, పక్కనే వేరు కాపురం. అమ్మ నన్ను కంటూ పోయింది. ఆ కాన్పు ఆలస్యమైన ఘడియల్లో నా మెదడుకు ఊపిరి సరిగా అందలేదట. తలలో ఎక్కడో తగిలిన ఆ దెబ్బ కాళ్లలో తేలింది. దాన్ని సెరిబ్రల్ పాల్సీ అంటారని నాకు ఎనిమిదేళ్లు వచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అవ్వ లెక్కలో అది బిగుసు. "పిల్లకు బిగుసు పట్టింది" అనేది, అదేదో రెండు రోజుల్లో దిగిపోయే జ్వరమైనట్టు.

ఆ బిగుసు సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అది నాతో పుట్టి, తొమ్మిదేళ్లు నాతో ఉండి, ఒక పూటలో వెళ్లిపోయింది. మోకాళ్లు ఒకదాన్నొకటి రాసుకునేవి, పాదాలు కత్తెరలాగా అడ్డం పడేవి, మడమలు నేలకు ఆనేవి కావు. గోడ పట్టుకుని మునివేళ్ల మీద నాలుగడుగులు వేస్తే ఐదో అడుగుకు కింద పడేదాన్ని. పక్కింట్లో కుక్కర్ కూసినా, దొడ్డిలో పొట్టేలు తడికను కుమ్మినా, నా కాళ్లు నన్ను అడగకుండానే నిటారుగా సాగిపోయేవి. నవ్వినా అంతే. చలికాలం పొద్దున అవ్వ ఆముదం వెచ్చచేసి తొడల నుంచి పాదాల దాకా అరచేత్తో ఒత్తి ఒత్తి రుద్దితే కొంచెం వదులయ్యేవి, ఎండ ఎక్కేలోపు మళ్లీ మామూలే.

కూర్చుని ఆడే ఆటల్లో నన్ను మించిన పిల్ల ఆ వాడలో లేదు. మోకాళ్లు లోపలికి మడిచి, పాదాలు రెండు పక్కలకు పారేసి కూర్చుంటే కదలని దిమ్మలా ఉండేదాన్ని. అచ్చనగాయలు ఐదూ ఒక్క ఊపున పట్టేదాన్ని, చింతగింజలతో అష్టాచెమ్మా వేస్తే నా పంట ముందు పండేది. కానీ పిల్లలు ఎంతసేపని కూర్చుంటారు? ఎవరో ఒకరు లేచి పరుగు తీయగానే తక్కినవాళ్లు గింజలు నా ఒళ్లో పోసి వెళ్లిపోయేవాళ్లు. బతుకమ్మ నాడు తంగేడు పూలన్నీ నా చేతుల మీదుగానే పళ్లెంలోకి చేరేవి, చుట్టూ తిరిగే ఆడవాళ్ల కాళ్లు మాత్రమే నాకు కనిపించేవి. ప్రసాదంగా పంచే మలీద ముద్ద నాకే పెద్దది పెట్టేవాళ్లు. సీతాఫలాల కాలంలో గడ్డి పరిచిన గంపను నా పక్కన పెట్టి ఏ కాయ మెత్తబడిందో చూడమనేవాళ్లు. అవి నొక్కి చూస్తూ పొద్దంతా గడిపేదాన్ని. పండిన వాసన అందరికంటే ముందు నాకే తెలిసేది.

సంక్రాంతి దాటి గడ్డి ఎండిపోగానే మంద వలస పోయేది. దేవరకొండ మీదుగా నల్లగొండ దిక్కు కాలువ కింది పొలాలకు. వరి కోసిన మళ్లలో మందను పెట్టించుకుంటే ఎరువు దక్కుతుందని అక్కడి రైతులు పిలిచేవాళ్లు. మళ్లీ జూన్‌లో మిరుగం వానలకే రావడం. బాపు ఏడాదిలో సగం నాకు లేనట్టే. పోయే రోజున ముందు నడిచే పొట్టేలు నుదుటికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, మంద వెనక ఇంటివాళ్లంతా ఊరి చివర వాగు మీది చిన్న వంతెన, మోరి దాకా నడవడం మా ఆనవాయితీ. మోరి దగ్గర కాపరి వెనక్కి తిరిగి ఇంటివాళ్లను ఒకసారి చూసి పోతాడు. చిన్నప్పుడు నన్ను బాపు మెడ మీద ఎక్కించుకుపోతే, తిరిగొచ్చేటప్పుడు అవ్వ చంకనెత్తుకునేది. ఏడో ఏట అవ్వ నడుము నన్ను మొయ్యలేనంది. అప్పటి నుంచి గడప మీద కూర్చుని గంటల చప్పుడు సన్నగిల్లేదాకా వినడమే నా వంతు. బాపు మోరి దగ్గర వెనక్కి తిరిగినప్పుడు నేను అక్కడ ఉండాలి. నాకు కాళ్లు కావాల్సింది ఆ ఒక్క పనికే. బడికోసమని పెద్దవాళ్లతో అనేదాన్ని, అది అబద్ధం.

తెలంగాణ వచ్చిన కొత్తలో, మా మండలంలో పెట్టిన ఒక వైద్య శిబిరంలో నన్ను చూసి హైదరాబాద్ పెద్ద దవాఖానకు రాసిచ్చారు. ఓపీ వరసలో నిలబడి కూడా బాపు చేతిలో కదురు తిప్పుతూనే ఉన్నాడు, ఉన్ని వడకకుండా ఆయన చేతులు ఉండలేవు. అది చూసి డాక్టరు గారు ఆ ఉన్నితోనే చెప్పారు. నడుం దగ్గర వెన్నులో కాళ్ల నరాలుంటాయి, ఒక్కో నరం విప్పితే నీ తాడులాగే లోపల సన్న పోగులుంటాయి. కాళ్ల నుంచి వెన్నుకు కబురు మోసే పోగులను వేరుచేసి, ఒక్కొక్కదానికి కొంచెం కరెంటు తాకించి చూస్తాం, ఊరికే కాలిని బిగబట్టిస్తున్న పోగులేవో తేల్చుకుని వాటినే కోస్తాం. బిగుసు పోతుంది. అయితే ఈ పిల్ల ఇన్నాళ్లు నిలబడింది ఆ బిగుసు ఆసరాతోనే. అది పోగానే కాళ్లలో బలం లేదన్నది బయటపడుతుంది. ఆ బలాన్ని రోజూ కసరత్తుతో పెంచాలి, నెలల తరబడి. బాపు అన్నింటికీ తల ఊపాడు. పోగులు కోస్తారన్న మాట ఆయన మనసులో నాటుకుంది. తక్కినది నాటుకోలేదు.

ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు పడుకోబెట్టి, మెల్లగా లేపి కూర్చోబెట్టి, ఒకనాడు ఇద్దరు పట్టుకుని నిలబెట్టారు. నా మడమలు నేలకు తగిలాయి. బండ చల్లగా ఉంటుందని మడమలకు తెలిసింది అప్పుడే. ఆ వార్డులో ఎవరో గిన్నె జారవిడిచారు, నేను అలవాటుగా కళ్లు మూసుకుని కాళ్లు సాగడం కోసం చూశాను. సాగలేదు. నడుం కింద ఎవరూ పలకలేదు. సంతోషించాల్సిన చోట నాకు దిగులేసింది, ఇంట్లో మనిషి చెప్పకుండా ఊరికి పోయినట్టు.

కసరత్తు గదిలోకి ఒక్కరినే రానిచ్చేవాళ్లు, నా వెంట అవ్వ వచ్చి గోడకు ఆనుకుని కునుకు తీసేది. అక్కడి మేడం నాకు ఒక్కొక్కటే నేర్పింది: మోకాలు మడిచి నడుము లేపడం, పక్కకు పడుకుని కాలెత్తడం, కుర్చీలోంచి లేచి నిలబడడం. నొప్పికి ఏడిస్తే ఆగేది, ఏడుపయ్యాక మళ్లీ చేయించేది. ఇంటికి పంపే రోజు బొమ్మలు, రాతలు ఉన్న కాయితం ఒకటి నా చేతికే ఇచ్చి, "మీ బాపుకు చదువు రాదంట కదా, నువ్వే చదివి చెప్పాలె, సరేనా?" అంది. సరే అన్నాను.

సంక్రాంతి నాటికి ఇల్లు చేరాం. ఆటోలోంచి నన్ను ఎత్తుకోగానే బాపు మొహం మారిపోయింది. ఎప్పుడూ కర్రల్లా ఆయన పొట్టకు పొడుచుకునే నా కాళ్లు మెత్తగా కిందికి వేలాడాయి. గొర్రె కాళ్లు అట్లా వేలాడితే దానర్థం ఆయనకు బాగా తెలుసు. విరిగిన కాలికి కట్టు కట్టడంలో బాపు చెయ్యి చుట్టుపక్కల నాలుగూళ్లకు పేరున్న చెయ్యి. మేకలనే కాదు, దూడలనూ ఎత్తుకొచ్చేవాళ్లు. కింద మెత్తని ఉన్ని పరిచి, పైన వెదురు దబ్బలు పేర్చి, ఉన్ని తాడు చుట్టి, ఆ జీవాన్ని మందతో పంపకుండా దొడ్డిలో ఒక మూల కట్టేసి తుమ్మ కొమ్మలు మేపేవాడు. అతుక్కునేదాకా కదలనిచ్చేవాడు కాదు. నా కాళ్లను కూడా ఆయన ఆ కళ్లతోనే చూశాడు.

"తెంపిన పోగులు అతుకాలె గదా అవ్వా," అన్నాడు. "అతుకకముందే కదిలిస్తే ఎట్ల?"

ఆ సాయంత్రమే వెదురు చీరాడు. దబ్బల అంచులు నాకు గుచ్చుకోకుండా గాజుపెంకుతో నున్నగా గీకాడు. అప్పుడే కాయితం గుర్తొచ్చి అవ్వతో అన్న మాట నేను విన్నాను: "కసరత్తు ఇప్పుడే షురూ చెయ్యమంటే మాత్రం నువ్వే మండలంల కసరత్తు మేడం కాడికి తోల్కపోవాలె అవ్వా, నేను మందతోని పోత. కట్టు కట్టుడే అయితే నేను ఉండాలె, మందను తమ్ముడు తోల్కపోతడు." తర్వాత నా వైపు తిరిగాడు. "ఏం రాసిన్రు బిడ్డా, సదువు."

మూడో తరగతి చదువుతున్నాను. గుణింతాలొచ్చు, ఒత్తులొచ్చు. మొదటి వరసలోనే పెద్ద అక్షరాలతో ఉంది: ఇంటికి వెళ్లిన మరుసటి రోజు నుంచే, రోజుకు రెండు పూటలు. దాని మీద వేలు పెట్టి, బడిలో చదివినట్టు గొంతు పెంచి చదివాను.

"కాళ్లు గట్టిపడ్డంకనే కసరత్తు షురూ చెయ్యాలెనంట బాపూ. అప్పటిదాంక కదలొద్దంట."

"నేను జెప్పలే?" అన్నాడు అవ్వతో, ఎంత సంతోషంగానో.

ఆ నాలుగు నెలలంత సుఖంగా నేను ఎప్పుడూ లేను. ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం. మందను చిన్నాయన తోలుకుపోయాడు, ఖాళీ దొడ్డి పక్కన, వేపచెట్టు నీడన, నా మంచం, నా మంచం పక్కన బాపు. ఆయన ఉన్ని వడికితే నేను ఉండ చుట్టేదాన్ని. కాలువ కింది ఊళ్ల గురించి చెప్పేవాడు: ఏ ఊళ్లో కుక్కలు చెడ్డవి, ఏ రైతు ఇంట్లో చల్ల పుల్లగా ఉంటుంది, ఏ వంపులో గొర్రెలు నీళ్లు తాగకుండా మొండికేస్తాయి. ఉగాదికి అవ్వ పూర్ణం కూరి బచ్చాలు చేస్తే నెయ్యి కారుతున్న మొదటిది ఆయనే తుంచి నా నోట్లో పెట్టాడు. ఎండలు ముదిరాక ముంజలు తెచ్చి, బొటనవేలితో లేతవి తీసి నాకిచ్చి ముదురువి ఆయన తిన్నాడు. వారానికోసారి కట్టు విప్పి, రెండు బొటనవేళ్లతో పిక్కలు తడిమి, "ఇంకా అతుకలే" అని నిట్టూర్చి మళ్లీ కట్టేవాడు. నా కాళ్లు రోజురోజుకు సన్నబడడం నాకు కనిపిస్తూనే ఉంది. కాయితం మంచం పట్టీ కింద ఉంది. రేపు చెప్తాననుకునేదాన్ని.

మండలంలో మాలాంటి పిల్లలకు కసరత్తు చేయించే మేడం ఒకామె ఉండేది. దవాఖాన వాళ్లు ఫోన్ చేసి అడిగితే, ఈ పిల్ల ఒక్కరోజూ రాలేదని ఆమె మా ఊరు వెతుక్కుంటూ స్కూటీ మీద వచ్చింది. మండుటెండ. తలకు చుట్టుకున్న చున్నీ కూడా విప్పకుండా నా కాళ్ల వైపు చూసింది.

"ఎవరు కట్టిన్రు ఇవి?"

"నేనే," అన్నాడు బాపు, కొంచెం గర్వంగానే.

ఆమె గబగబా తాళ్లు విప్పింది. తెగిన పోగులు అతకాల్సినవి కావని, అవి అతకకూడదనే కోశారని, ఈ పిల్ల కాళ్లు బలం పుంజుకోవాల్సిన నెలలన్నీ మంచంలో పోయాయని గొంతు పెంచి చెప్పింది. "కాయితం ఇయ్యలేదా మీకు?" అంది. అవ్వ నా మంచం పట్టీ కింద నుంచి తీసి ఇచ్చింది. మేడం మొదటి వరస పైకి చదివింది.

బాపు నా వైపు చూశాడు. ఒక్కసారే. ఆ చూపులో కోపం ఉంటే ఈ పదేళ్లు నాకు తేలికగా గడిచేవి. తర్వాత మేడం వైపు తిరిగి, "పిల్ల సక్కగనే సదివింది మేడం. నేనే సరిగ ఇనలే. సదువు రానోన్ని," అన్నాడు.

నోరు తెరిస్తే చాలు. విప్పి పడేసిన తాళ్లను ఉండ చుట్టడం మొదలుపెట్టాను.

మర్నాడే బాపు ఖాళీ దొడ్డిలో నాలుగు గుంజలు పాతి, వాటి మీద నా చేతికందే ఎత్తులో రెండు పొడవాటి బొంగులు కట్టాడు. కింద ఏళ్ల తరబడి గొర్రెలు తొక్కిన మెత్తని మట్టి, పడ్డా దెబ్బ తగిలేది కాదు. పొద్దున ఒకసారి, పొద్దు వాలినాక ఒకసారి, ఆ బొంగుల నడుమ నేను నడవడం, బాపు వెనక వెనకే మోకాళ్ల మీద కూర్చుని నా పాదం సరిగా ఆనేలా పట్టుకోవడం. మిరుగానికి మంద తిరిగొచ్చింది, మళ్లీ పోయింది, ఆయన పోలేదు. నేను కోరుకున్నట్టే బాపు పూర్తిగా నాకు దక్కాడు, కాకపోతే కాలువ కింది ఊళ్ల ముచ్చట్లు ఆగిపోయాయి. "ఇంకొక్కసారి బిడ్డా" అనేవాడు, అంతే. ఆ కాయితం ఊసు ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఒకే దొడ్డిలో రోజూ రెండు పూటలు ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరగా ఉండి, ఇద్దరం ఎవరికి వాళ్లం ఒంటరిగా ఉన్నాం.

ఆ పై ఏడు సంక్రాంతి దాటాక బాపు మందతో పోవడానికి లేచాడు. అప్పటికి రెండు చేతికర్రలతో ఊళ్లో నడుస్తున్నాను. పొట్టేలుకు పసుపు నేనే రాశాను. మంద కదిలింది, చిన్నాయన ముందు, బాపు వెనక, ఆ వెనక ఇంటివాళ్లు, అందరికంటే వెనక నేను. నూరడుగులు పోయేసరికి నా ముందు ఎవరూ లేరు, దుమ్ము, దారి నిండా పెంటికలు, దూరంగా గంటలు. కర్ర వేసి, కాలు వేసి, ఊపిరి తీసుకుని, మళ్లీ కర్ర. నేను మోరి చేరేసరికి సాగనంపిన వాళ్లు కూడా వెనక్కి తిరిగి నా పక్కనుంచే ఇళ్లకు పోయారు. మోరి గోడ మీద బాపు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మంద ఎప్పుడో మలుపు తిరిగిపోయింది.

"వచ్చినవా," అన్నాడు. భుజం మీది గొంగడి తీసి నా భుజాల మీద వేశాడు. "మంచిగొచ్చినవ్."

తర్వాత మంద అందుకోవడానికి దాదాపు పరుగున పోయాడు. ఆనవాయితీ ఉన్నా వెనక్కి తిరిగి చూడలేదు, మోరి ఆయనకు అప్పటికే వెనకబడిపోయింది. నా కాళ్ల మీద నేను చేరుకున్న మొదటి చోటు అది. అక్కడ నేను తప్ప ఎవరూ లేరు.

ఇప్పుడు ఆ మోరి లేదు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. అవ్వ పోయింది. దొడ్డి ఉన్న జాగాలో రంగురాళ్లు పాతిన ప్లాట్లున్నాయి, ఒకప్పుడు తన గొర్రెలు తొక్కిన ఆ నేలకే బాపు కాపలా ఉంటున్నాడు. ఇంకా మందలున్నవాళ్లు వాటిని వ్యానుల్లో ఎక్కించి పంపుతున్నారు, వెనక నడిచేవాళ్ల అవసరం లేదు. నేను గదిలో ఒక కర్రతో, బయట రెండు కర్రలతో తిరుగుతాను. కట్టు దబ్బలు ఊరు విడిచే రోజు దొడ్డి కప్పులో దొరికితే తెచ్చుకున్నాను. మొన్న పరీక్షకు పోయినప్పుడు డాక్టరమ్మను అడిగాను, ఆ నాలుగు నెలలు పోకుంటే ఈ కర్రలు ఉండేవి కావా అని. "చెప్పలేం. అన్నీ సక్రమంగా చేసినా కర్రలతో నడిచేవాళ్లున్నారు. నీకు ఒక కర్ర తగ్గేదేమో, తగ్గేది కాదేమో," అంది. ఎవరికీ తెలియదన్నమాట. ఎప్పటికీ.

నిన్న వాన మొదలై గొంగడి వాసన లేవగానే బాపుకు ఫోన్ చేశాను. తిన్నవా అంటే తిన్న అన్నాడు. ప్లాట్లలో నీళ్లు నిలిచాయని చెప్పాడు. ఆయన ఫోన్ పెట్టేసేలోపు చెప్పేశాను.

"బాపూ, గా కాయిదం గప్పుడు నేను తప్పు సదివిన. కావాల్నని సదివిన. నువ్వు పోతవని."

ఆ తప్పులో నా సగం నాకు ఇచ్చేయమని అడగడానికే ఫోన్ చేశాను నేను.

"గప్పుడు నువ్వు చిన్నపిల్లవు బిడ్డా," అన్నాడు. "నేను గాదు గదా."

చలిగా ఉంటే గొంగడి కప్పుకొమ్మని చెప్పి ఫోన్ పెట్టేశాడు.